కనీజ్ బీ పుంటికూర

నస్రీన్ మీద కోపం ఎప్పుడు మొదలైందని అడిగితే తారీఖు చెప్పలేను గానీ చోటు చెప్పగలను. దోహాలో, అల్ ముంతజాలో మా ఫ్లాటు వంటగది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, నా చేతిలో ఫోను, ఫోనులో నస్రీన్ వీడియో. పుంటికూర మొక్కల మధ్య నిలబడి, ఎర్రటి కాడ ఒకటి బుగ్గకు ఆనించుకుని నవ్వుతూ చెబుతోంది.

"ఇవి మా అమ్మీ కొంగున మూటగట్టి ఇచ్చిన గింజలు. మెట్‌పల్లి నుంచి తెచ్చి ఈ ఖతర్ ఇసుకల మొలిపించిన. అందుకే నా తొక్కుకు ఆ రుచి."

ఆ కొంగు మా అమ్మది. ఆ గింజలు మా అమ్మవి. నస్రీన్ వాళ్ల అమ్మ జన్మలో ఒక మొక్క నాటి ఎరగదు. కొత్తిమీర కావాలన్నా మా పెరట్లోకి వచ్చి తెంపుకుపోయేది. పప్పు పొంగి మంట ఆరిపోయినా పట్టించుకోకుండా ఆ వీడియో మళ్లీ మొదటి నుంచి చూశాను. కింద జనం ఎర్ర గుండెలు పెడుతున్నారు. "మీ అమ్మగారికి సలాం" అని ఎవరో రాశారు. మా అమ్మకు అందాల్సిన సలాం అది, వేరే ఇంటికి పోయింది.

మా అమ్మ పేరు కనీజ్. వీధిలో అందరూ కనీజ్ బీ అనేవాళ్లు. కోస్తా వాళ్లు గోంగూర అంటారే, దాన్ని మేం పుంటికూర అంటాం. మా అమ్మ పుంటికూర తొక్కు నూరితే ఆ వాసనకే వీధిలో సగం మందికి ఆకలి పుట్టేది. పెళ్లయ్యాక నేను దోహాకు బయల్దేరిన రోజు బస్టాండులో కొంగు ముడి విప్పి గుప్పెడు గింజలు నా చేతిలో పోసింది. "దుబాయ్‌ల పుంటికూర దొరకదంట గద బిడ్డా" అంది. నేను పోతున్నది దుబాయ్ కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆమె లెక్కలో సముద్రం అవతల ఉన్నదంతా దుబాయే. కరోనా వచ్చిన ఏడాది విమానాలు ఆగిపోయినప్పుడు ఆమె చనిపోయింది. నేను మట్టి వేయలేకపోయాను. ఆమె చెయ్యి తగిలిన వస్తువు నా దగ్గర ఇంకేదీ లేదు, ఆ పుంటికూర తప్ప.

మొదట బాల్కనీలో కుండీల్లో వేస్తే ఎండకు మాడిపోయింది. మా ఆయన లియాఖత్ అలీకి రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. కంపెనీ బస్సులో పోతూ వస్తూ అల్ ఖోర్ దాటాక తోటలు చూసేవాడు. అక్కడో తోటలో తెలుగాయన పనిచేస్తున్నాడని ఎవరో చెబితే, ఒక శుక్రవారం నన్ను కారులో కూర్చోబెట్టి తీసుకుపోయాడు. అలా దొరికాడు ఓబులయ్య. రాయచోటి పక్క పల్లె. మిగిలిన గింజలు చేతికిస్తే వాసన చూసి, "గోగాకు లేకపోతే సంగటి గొంతు దిగుతాదా అక్కా" అని కంచె పొడుగునా చల్లేశాడు. యజమాని మంచివాడు. దోసకాయల పని చెడకుండా ఆకుకూరలేమైనా పెట్టుకోమని పనివాళ్లను వదిలేశాడు. కొనడానికి వచ్చే వాళ్లకు అమ్ముకోమన్నాడు. అప్పటి నుంచి చలికాలం వస్తే చాలు, శుక్రవారం పొద్దున మేం ఆ తోటలోనే ఉండేవాళ్లం.

తోటలో కొనడమంటే బజారులో కొన్నట్టు కాదు. ఓబులన్న దగ్గర ఒక పద్ధతి ఉంది. వెళ్లగానే ముందు కూర్చోవాలి. ఈత కమ్మలు పరిచిన నీడలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసేవాడు. తరువాత ఒక ఆకు తెంపి తెచ్చి చేతికిచ్చేవాడు. పచ్చి ఆకు. అది కొరికి, నమిలి, ఏమనిపించిందో చెప్పాలి. అప్పుడు ఆయన ఆ వారం కథ చెప్పేవాడు. గాలి ఎక్కువ వీచిందనో, పొద్దున మంచు పడిందనో, ట్యాంకరు మంచినీళ్లు రాక బావి నీళ్లే కట్టాననో. ఆ బావి నీళ్లు ఉప్పు. రెండు వారాలు అవే కడితే ఆకు ఉప్పెక్కుతుంది. నాలుక మీద పెట్టుకుంటే పులుపు వెనకాల సన్నగా తెలుస్తుంది, అంతే. కానీ పుంటికూర సంగతి తెలిసిందే కదా, గంపెడు ఆకు నూనెలో పడితే గుప్పెడవుతుంది. ఆకు చిక్కబడితే అందులో ఉప్పు కూడా చిక్కబడుతుంది. అలాంటి వారం నేను తొక్కులో ఉప్పు వేసేదాన్నే కాదు. ఈ మాటలన్నీ అయ్యాకే సులేమానీ చాయ్, చాయ్ తరువాతే సంచి. ఆకు కొరకకుండా సంచి చాపిన వాళ్లకు ఆయన ఆకు ఇచ్చేవాడు గానీ కథ చెప్పేవాడు కాదు.

అటువంటి చోటికి నస్రీన్‌ను నేనే తీసుకుపోయాను. మెట్‌పల్లిలో మాది ఒకటే వీధి. ఆమె దోహా వచ్చిన కొత్తలో ఇల్లు చూపించింది నేను, పిల్లల బడి చూపించింది నేను, చివరికి తొక్కు నూరడం నేర్పింది నేను. ఉప్పు కొలత కూడా నేనే చెప్పాను, మంచినీళ్ల ఆకుకు వేసే కొలత. ఇప్పుడామె మెసైమీర్‌లో పెద్ద ఇంట్లో ఉంటుంది. "నస్రీన్ దస్తర్‌ఖాన్" అని ఫోనులో ఒక పేజీ. దోహాలో ఏ తెలుగింట్లో దావత్ అయినా ఆమె సీసాలే. బాగుపడితే నాకేం బాధ లేదు. ఏరు దాటి తెప్ప తగలేసినా ఊరుకునేదాన్నేమో. ఆమె తెప్పను తనదని చెప్పుకుంది.

ఆ రోజే ఫోన్ చేశాను. మేమిద్దరం మామూలుగా దఖ్ఖనీలో మాట్లాడుకుంటాం, కొట్లాటకు మాత్రం తెలుగులోకి దిగుతాం.

"నస్రీన్, ఎవరి అమ్మ ఇచ్చిన గింజలే అవి?"

అటు నుంచి నవ్వింది. "అరె, వీడియోల అట్ల చెప్తెనే మంది చూస్తరు. నీ అమ్మ, నా అమ్మ అని ఉంటదా మన మధ్యల?"

"ఉంటది. మీ అమ్మ బతికే ఉంది. మా అమ్మ లేదు."

"చిన్న ముచ్చటకు గింత కోపమా మెహర్" అంది.

"ఇంకో వీడియో పెట్టు. కనీజ్ బీ గింజలని ఒక్క మాట చెప్పు. చాలు."

"ఇప్పుడు మారిస్తే అబద్ధం చెప్పిన్నని అనుకోరా? నా ఇజ్జత్ ఏం గావాలె?" అని పెట్టేసింది.

అబద్ధం చెప్పినదానికి ఇజ్జత్ కావాలి, నిజం అడిగినదానికి ఏమీ అక్కర్లేదు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన లియాఖత్ అలీ అంతా విని, "జానే దో" అన్నాడు. ఆయన నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి, రాస్ లఫాన్ మంటలన్నీ ఆరిపోయినా జానే దో అనే అంటాడు. నేను వదిలే రకం కాదు. మా అమ్మ పేరు నస్రీన్ నోటితోనే చెప్పిస్తానని ఆ రాత్రి పడుకునే ముందు ఒట్టు పెట్టుకున్నాను.

ఆ వచ్చిన శుక్రవారమే తోట గేటు దగ్గర రెండో దెబ్బ తగిలింది. తోట చూసుకునే ముదీర్ అడ్డం వచ్చి, కంచె పొడుగునా ఉన్న ఆకంతా మెసైమీర్ మేడం మాట్లాడుకుందని, ఇక వేరే వాళ్లకు లేదని చెప్పాడు. మా అమ్మ గింజల మొక్కలు కంచె లోపల, నేను కంచె బయట. ఓబులన్న దూరం నుంచి చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు, ముదీర్‌తో అరబ్బీ, హిందీ కలిపి ఏదో బతిమాలాడు. ఆఖరికి మోటారు గది వెనక ఉన్న నాలుగు మొక్కలు నాకు వదిలారు.

"అయ్యి గూడా ఆ గింజలే అక్కా. ఆ నీళ్లే. బాధపడొద్దు" అన్నాడు ఓబులన్న. ఎప్పటిలాగే కుర్చీ వేశాడు, ఆకు తెచ్చాడు, చాయ్ ఇచ్చాడు. అటు కంచె దగ్గర నస్రీన్ డ్రైవరు నాగూర్ కారు డిక్కీలో మూటలు ఎత్తుతున్నాడు. నస్రీన్ రాలేదు. వీడియో తీసుకున్న రోజు తరువాత ఆమె ఒక్కసారి కూడా రాలేదని ఓబులన్న చెప్పాడు. "తోట నుంచి నేరుగా మీ ఇంటికి" అని ఆమె పేజీ మీద రాసి ఉంటుంది. నేరుగా వచ్చేది నాగూర్ ఒక్కడే.

డిసెంబరు వచ్చింది. రోడ్ల పొడుగునా నేషనల్ డే జెండాలు కట్టారు. సెలవు రోజు మా ముంతజాలోనే సబ్రీన్ ఇంట్లో ఆడవాళ్ల దావత్ అన్నారు. సబ్రీన్ కరీంనగర్ మనిషి, ఆమె ఇంట్లో దావత్ అంటే దోహాలో తెలుగు మాట్లాడే ఆడవాళ్లు చాలా మంది వస్తారు. తొక్కు నస్రీన్ నుంచి. ఇంటికి పట్టుకుపోవడానికి కూడా తలా ఒక సీసా.

దావత్‌కు ముందు వారం నేను తోటకు వెళ్లాను. ఓబులన్న ఇచ్చిన ఆకు కొరకగానే తెలిసింది.

"ఉప్పెక్కింది ఓబులన్నా."

"అవునక్కా. ట్యాంకరు చెడిపోయి ఇన్నాళ్లాయ, మంచినీళ్లు రాలేదు. అంతా బాయి నీళ్లే. ఇంత ఉప్పు నేనెప్పుడూ చూడల్యా." కంచె వైపు చూశాడు. "ఆయమ్మకు ఎవురు చెప్తారు? నాగూర్ మూటలెత్తుకోని పోతాడు, నిలబడడు. దావతుకంట, శానా ఆకు పోతాంది. ఈసారి నాగూర్‌ను ఆపి చెప్పి పంపిస్తా."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. ఆ నిమిషం నా మనసులో ఏముందో దాచను. నస్రీన్‌కు బీపీ, తొక్కు నోట పెట్టదు. నేను చెప్పిన కొలతే ఆమె నాలుక. ఆ కొలత ప్రకారం ఈ ఆకులో ఉప్పు గుమ్మరిస్తుంది. పెద్ద గిన్నెలు, పెద్ద సీసాలు, దోహా తెలుగు ఆడవాళ్లంతా ఒకే గదిలో. అదంతా నా కళ్ల ముందు కనిపించింది, కడుపు చల్లబడింది.

"నాగూర్‌కు ఎందుకులే, సగం మర్చిపోతడు. నేను చెప్త ఆమెకు. మా వీధి పిల్లనే గద" అన్నాను.

"నువ్వు చెప్తే ఇంగేం కావాల" అన్నాడు ఓబులన్న. నిశ్చింతగా వెళ్లి నా నాలుగు మొక్కల ఆకు తెంపడం మొదలుపెట్టాడు.

నేను చెప్పలేదు. వారమంతా ఫోను నా చేతిలోనే ఉంది. నస్రీన్ రోజుకో వీడియో పెట్టింది. ఆకు తుంచుతున్న వీడియో, కడిగి బట్ట మీద ఆరబెట్టిన వీడియో, చివరికి ఉప్పు కొలిచి పోస్తున్న వీడియో కూడా. తెల్లటి ఉప్పు జలజలా గిన్నెలో పడుతుంటే నేను ఆపి ఆపి చూశాను. లియాఖత్ అలీ వెనక నుంచి చూసి, "ఏంది అంత ఖుషీ?" అని అడిగాడు. ఏం లేదన్నాను. నేనూ తొక్కు నూరాను. మెంతులు, ఆవాలు వేయించి దంచాను, ఎండుమిర్చి, వెల్లుల్లి, నూనె. ఉప్పు డబ్బా మూత కూడా తీయలేదు. రుచి చూస్తే అమ్మ చేతి తొక్కే. నస్రీన్ మొహం మాడిన తరువాత సంచిలోంచి ఈ సీసా తీసి అందరి ముందు పెట్టాలని నా ప్లాను. అప్పుడు అడుగుతారు, ఈ రుచి ఎక్కడిదని. అప్పుడు నస్రీన్‌ను చూపించి, ఆమెనే చెప్పమంటాను.

దావత్ రోజు పొద్దున కూడా తోటకు వెళ్లి ఒక సంచి ఆకు తెచ్చుకున్నాను. అది అలాగే పట్టుకుని మధ్యాహ్నం సబ్రీన్ ఇంటికి పోయాను. హాలు నిండా ఆడవాళ్లు. కింద పరిచిన దస్తర్‌ఖాన్ మీద బగారా అన్నం, దాల్చా, తలాహువా గోష్త్, మధ్య మధ్యలో నస్రీన్ సీసాలు, వాటి మీద ఆమె బొమ్మ. నస్రీన్ కొత్త పట్టు డ్రెస్సులో తిరుగుతూ, "తోట నుంచి నేరుగా" అని అందరికీ చెంచాలతో వడ్డిస్తోంది. నా దగ్గరకొచ్చి కూడా వడ్డించింది. నేను దాన్ని పళ్లెం అంచుకు జరిపాను.

మొదట ఎవరూ ఏమీ అనలేదు. పెద్దమనుషుల మర్యాద. ఒకామె నీళ్లు తాగింది. ఇంకొకామె మళ్లీ తాగింది. గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, బడిలో పంతులమ్మ, మొహమాటం లేని మనిషి, ముద్ద నోట్లోంచి గుడ్డలోకి తీసేసి, "ఏమ్మా నస్రీనూ, ఉప్పు పాతరలో వేసి తీశావా దీన్ని?" అంది. అంతే, కట్ట తెగింది. సీసాలు ముందే ఇంటికి తెప్పించుకున్న వాళ్లు కూడా అదే మాటన్నారు. సబ్రీన్ తన పళ్లెం పక్కకు పెట్టింది.

నస్రీన్ మొహం పాలిపోయింది. చూశాను, తృప్తిగా చూశాను. చెయ్యి సంచిలో పెట్టి సీసా మూత మీద వేళ్లు ఆనించి ఉంచాను. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకున్నాను.

అప్పుడు నస్రీన్ నవ్వింది. గోడ మీద పిల్లి ఎటు దూకాలో తేల్చుకున్నట్టు ఒక్కసారి అందరి మొహాలూ చూసి, చివరికి నన్ను చూసింది.

"నిజం చెప్త, ఏమనుకోకుండ్రి. నా చేతిల ఏం లేదు. కొలత అదే కొలత. ఆ గింజలే అట్లాంటియి. అవి మా అమ్మవి గావు, మెహర్ వాళ్ల అమ్మవి. కనీజ్ బీ గింజలు. పాత దోస్తీ అని ఆమె పరువు దాచి, నా మీద వేసుకున్న. ఆ జాతి పుంటికూరే గట్ల ఉంటది."

గది మొత్తం నా వైపు తిరిగింది.

నేను ఒట్టు పెట్టుకున్న మాట అది. నస్రీన్ నోటితో, పదిమందిలో, కనీజ్ బీ గింజలు. అక్షరం తేడా లేకుండా వచ్చింది. ఉమ్మేసిన ముద్దల పక్కన పెట్టి మరీ చెప్పింది. నాకు ఒళ్లంతా మండింది. అమ్మ బతికుండగా ఆమె తొక్కుకు ఒక్కరూ వంక పెట్టలేదు. చచ్చాక, దేశం కాని దేశంలో, పెట్టించింది నేను.

సీసా తీసి దస్తర్‌ఖాన్ మీద పెట్టాను. "ఇది తినుండ్రి" అన్నాను.

పంతులమ్మ వేలితో కొంచెం తీసుకుంది. కళ్లు మూసుకుంది. మళ్లీ అన్నం కలుపుకుంది. "ఇది కదమ్మా గోంగూరంటే" అంది. సీసా చేతులు మారింది.

నస్రీన్ తెలివైనది. "అది వేరే ఆకు" అంది వెంటనే. "తోటల ఆకంత నేనే తీస్కున్న, ముదీర్‌ను అడుగుండ్రి. అది బజారుల ఆకు. వాళ్లమ్మ గింజలు గావవి."

అందరూ నన్ను చూస్తున్నారు. బయటపడే దారి అక్కడే ఉంది. అవును, బజారు ఆకే అంటే అయిపోయేది. తొక్కు బాగా నూరేది మెహర్ అని పేరొచ్చేది, నేను ఎవరికీ ఏ ద్రోహం చేయనట్టే ఉండేది. అమ్మ గింజలు మాత్రం చెడ్డవైపోయేవి. అమ్మనూ నన్నూ ఇద్దర్నీ ఒకేసారి కాపాడుకునే మాట నాకు దొరకలేదు.

పొద్దున తెచ్చిన ఆకు సంచి విప్పాను. ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క పచ్చి ఆకు పెట్టుకుంటూ పోయాను, ఓబులన్న పెట్టినట్టే. చివరి ఆకు నస్రీన్ చేతిలో పెట్టాను.

"కొరుకుండ్రి. ఎట్లుందో చెప్పుండ్రి."

"పులుపు" అన్నారు ఎవరో. "వెనకాల ఉప్పగా ఉందే" అంది పంతులమ్మ.

"తోటల బావి నీళ్లు ఉప్పు. మంచినీళ్లు రాక ఆకు ఉప్పెక్కింది. ఈ తొక్కు ఆ ఆకే, ఆ వారమే, కనీజ్ బీ గింజలే. మోటార్ గది ఎనక మొక్కలయి. నేను ఒక్క రవ్వ ఉప్పు గూడ వెయ్యలే. గింజల తప్పు లేదు."

నస్రీన్ ఆకు నములుతూ ఆగిపోయింది. అందరికంటే ముందే ఆమెకు అర్థమైంది.

"అంటే నీకు ముందే తెలుసు" అంది.

"తెలుసు."

"నేను ఉప్పు పోసేటిది వీడియోల చూసినవ్."

"చూసిన. రెండుసార్లు చూసిన."

"ఒక్క ఫోన్ చెయ్యకపోతివి?"

"తోటకు వచ్చి కూసుంటే ఆకే చెప్తుండె నీకు. మా అమ్మను తీస్కపోయినవ్ గని, ఆకు కొరకనీకి నీకు టైం లేకపాయె."

ఈ మాట కోసం వారాలుగా కాచుకుని ఉన్నాను. అన్నాక చాలా బాగుంది, అబద్ధం ఎందుకు. నస్రీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కూడా బాగున్నాయి.

అప్పుడు సబ్రీన్ మాట్లాడింది. ఆమె గొంతు పెద్దది కాదు. "మా అత్తమ్మకు బీపీ, మెహర్. నస్రీన్ మొన్ననే సీసా పంపింది. పుంటికూర అంటే పాణం ఆమెకు, ఎంత ఉప్పున్నా వద్దనదు. రెండు దినాలు తిన్నది. రాత్రి తల తిరుగుతుందని పండుకుంది, ఇంకా లేవలే."

లోపలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. నేను ఆ తలుపు వైపు చూశాను. నేను నస్రీన్ ఒక్కదాన్నే గురి చూసుకున్నాను, సీసాలు ఎన్ని ఇళ్లకు పోతాయో ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే మానేదాన్నా అంటే, ఏమో.

ఆ తరువాత తిండి సాగింది గానీ మాటలు సాగలేదు. నా పక్కన కూర్చున్నామె కొంచెం జరిగి కూర్చుంది. పంతులమ్మ ఒక్కతే పోయేముందు నా దగ్గర ఆగి, "మీ అమ్మగారి పేరేమన్నావు?" అని అడిగింది.

"కనీజ్."

"కనీజ్" అని ఒకసారి అనుకుంది. "ఆవిడ చెయ్యి మంచిది" అంది. నా గురించి ఏమీ అనలేదు. నేను ఇంటికి బయల్దేరేటప్పుడు చూస్తే నా సీసా అడుగు దాకా తుడిచేసి ఉంది. గుమ్మం దాకా ఎవరూ రాలేదు.

సబ్రీన్ అత్తగారు మందు బిళ్లలతో తేరుకుంది. నేను పళ్లు పట్టుకుని పోతే సబ్రీన్ తలుపు దగ్గరే తీసుకుని, లోపలికి రమ్మనలేదు. నస్రీన్ పేజీలో పుంటికూర మాయమైంది, ఇప్పుడు నిమ్మకాయ తొక్కు అమ్ముతోంది. తోట ఆకు తనకు వద్దని ముదీర్‌కు చెప్పి పంపిందట. కంచె పొడుగునా ఉన్న మొక్కలన్నీ మళ్లీ నావే. అనుకున్నది అనుకున్నట్టు జరిగితే ఎలా ఉంటుందో నాకు తెలిసింది.

తరువాతి శుక్రవారం తోటకు వెళ్లాం. ట్యాంకరు బాగైనట్టుంది, కాలువలో నీళ్లు తేటగా పారుతున్నాయి. ఓబులన్న దోసకాయల పందిరి లోంచి వచ్చాడు. కుర్చీ వేశాడు. ఆకు తేలేదు. చాయ్ మాత్రం తెచ్చి నా ముందు పెట్టాడు.

"నాగూర్ వచ్చి చెప్పినాడక్కా" అన్నాడు.

నేను గ్లాసు పట్టుకున్నాను.

"నువ్వు చెప్తానంటివి. నేను నాగూర్‌ను ఆపకపోతిని. ఎవురో పెద్దామెకు బాగల్యాకపాయనంట." ఆయన గొంతులో కోపం లేదు, అది ఉంటే నాకు తెలిసిన విద్య, తిరిగి పోట్లాడేదాన్ని. "మీరిద్దరూ మీరిద్దరూ ఏమన్నా చేసుకోండి. నా నోట్లో మాట నువ్వు తీసుకపోతివి గదక్కా."

"ఓబులన్నా, ఆమె మా అమ్మను..."

"తెలుసక్కా. ఆ వీడియో నేనూ చూసినా. తప్పు ఆయమ్మదే." లేచి నా సంచి తీసుకుని నా ఒళ్లో పెట్టాడు. "మీయమ్మ గింజలు, మీ ఆకు. కావాల్సినంత తెంపుకో. ఎట్లుండాదో మాత్రం ఇంగ నేను చెప్పను. నువ్వే కొరికి చూసుకో."

దోసకాయల పందిరి లోకి వెళ్లిపోయాడు. లియాఖత్ అలీ కారు దగ్గర నిలబడి ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తున్నాడు.

నస్రీన్ విషయంలో నేను ఇప్పటికీ బాధపడను. మళ్లీ ఎవరైనా మా అమ్మను ఎత్తుకుపోతే మళ్లీ అదే చేస్తాను, ఈసారి సీసాలు ఎవరింటికి పోతాయో చూసుకుని చేస్తాను. చాయ్ చల్లారిపోయే దాకా కూర్చున్నాను. పందిరి వైపు నుంచి ఎవరూ రాలేదు. కంచె దగ్గరకు పోయి ఒక ఆకు తెంపి కొరికాను. మంచి పులుపు, ఉప్పు లేదు, అమ్మ పుంటికూరే. బాగుందని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. నేనే తెంపుకున్నాను, సంచి నిండేదాకా.